గడిలో పడని జవాబు: వర్గీకృత దత్తాంశంలో లోపించిన విలువల విశ్లేషణ

వర్గీకృత దత్తాంశంలో నమోదయ్యేది కొలత కాదు, వర్గం. రక్తం ఏ గ్రూపు, ఓటు వేస్తారా వేయరా, జబ్బు పూర్తిగా తగ్గిందా, కొంత తగ్గిందా, అసలు తగ్గలేదా అన్న ప్రశ్నలకు జవాబు ఒక పేరు. ఆ పేర్లను లెక్కపెట్టి గళ్ల పట్టికలో వేయడంతో విశ్లేషణ మొదలవుతుంది. అయితే ప్రతి మనిషి నుంచీ ప్రతి ప్రశ్నకూ జవాబు దొరకదు. ఒకరు చెప్పడానికి ఇష్టపడరు, ఒకరు 'తెలియదు' అంటారు, ఒకరు మూడో విడత పరీక్షకు రారు. అలాంటి మనిషి పట్టికలో ఏ అడ్డువరుసకు చెందుతారో తెలిసినా ఏ నిలువు వరుసకు చెందుతారో తెలియదు. వారిని ఏ గడిలో వేయాలన్నదే ఈ విషయమంతటికీ మూలప్రశ్న.

బరువు, ఆదాయం లాంటి కొలతల్లో ఖాళీ వస్తే, లేని విలువ ఉన్న విలువల మధ్య ఎక్కడో ఉంటుందని ఊహించవచ్చు. వర్గాలకు ఆ వెసులుబాటు లేదు. ఎ గ్రూపుకూ ఓ గ్రూపుకూ సగటు ఉండదు. కానీ వర్గాలకు మరో మేలు ఉంది. సాధ్యమైన జవాబులు కొన్నే కాబట్టి, లోపించినవన్నీ ఒక పక్కకు పోతే ఫలితం ఎంత, అన్నీ రెండో పక్కకు పోతే ఎంత అని కచ్చితంగా లెక్కగట్టవచ్చు. దత్తాంశం ఎంతవరకు చెబుతోందో, ఎక్కడి నుంచి విశ్లేషకుడి ఊహ మొదలవుతోందో ఇంత స్పష్టంగా చూపగల రంగం సాంఖ్యక శాస్త్రంలో అరుదు. డెబ్బై ఏళ్ల చర్చలో ఈ సౌలభ్యాన్ని వాడుకున్న సందర్భాలు తక్కువ. ఏ పద్ధతి మంచిదన్న వాదన ముందుకొచ్చి, ఏ ఊహ మీద నిలబడ్డామన్న ప్రశ్న వెనక్కి పోయింది.

జన్యువుల లెక్క నుంచి ఇ.ఎం. దాకా

తొలి పరిష్కారాలు సర్వేల నుంచి కాక జన్యుశాస్త్రం నుంచి వచ్చాయి. రక్తపరీక్షలో ఎ గ్రూపు అని తేలిన మనిషి జన్యురూపం ఎఎ కావచ్చు, ఎఓ కావచ్చు. బయటికి కనిపించే వర్గం ఒకటే, లోపల దాగిన వర్గాలు రెండు. 1955లో సెపెల్లీని, సినిస్కాల్కో, స్మిత్ ఈ చిక్కును జన్యువులను లెక్కించే పద్ధతితో విప్పారు. ముందు జన్యువుల నిష్పత్తిని ఉజ్జాయింపుగా అనుకుంటారు. దాని ప్రకారం ఎ గ్రూపు వారిని రెండు జన్యురూపాలుగా విడగొడతారు. అలా పూర్తయిన లెక్క నుంచి నిష్పత్తిని మళ్లీ కడతారు, సంఖ్య స్థిరపడేదాకా ఈ రెండు పనులూ మార్చి మార్చి చేస్తారు. 1958లో హార్ట్‌లీ, ఇదే ఎత్తుగడ లెక్కింపు దత్తాంశానికంతటికీ పనికొస్తుందని చూపించారు.

ఈ ఆలోచనకు సాధారణ రూపమూ పేరూ ఇచ్చింది 1977లో డెంప్‌స్టర్, లెయిర్డ్, రూబిన్ రాసిన పత్రం. ఇ.ఎం. అల్గారిథమ్ అన్న పేరు అక్కడిదే. ఆ పత్రం మొదటి ఉదాహరణకు తెలుగువారితో సూటి సంబంధం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు తన 1965 నాటి 'లీనియర్ స్టాటిస్టికల్ ఇన్ఫరెన్స్ అండ్ ఇట్స్ అప్లికేషన్స్' గ్రంథంలో ఇచ్చిన దత్తాంశాన్నే వారు ఎత్తుకున్నారు. 197 జంతువులు నాలుగు వర్గాల్లో 125, 18, 20, 34గా పడ్డాయి. తెలియని జన్యు సంఖ్యను π అంటే, చివరి వర్గం సంభావ్యత π/4, మధ్య రెండింటిలో ఒక్కోదానిది (1−π)/4, మొదటిది 1/2 + π/4. అంటే మొదటి వర్గం నిజానికి రెండు వర్గాల కలయిక. 125లో ఎన్ని ఏ భాగానివో ఎవరూ నమోదు చేయలేదు.

π విలువ 0.5 అనుకుని మొదలుపెడితే, 125లో π/4 భాగానికి చెందాల్సినవి 25. వాటిని చివరి వర్గంలోని 34కు కలిపితే 59. మధ్య వర్గాల 38ని కూడా చేరిస్తే మొత్తం 97. కొత్త π 59/97, అంటే 0.608. ఆ విలువతో మళ్లీ విడగొడితే 0.624 వస్తుంది, మరికొన్ని చుట్లలో 0.627 దగ్గర ఆగిపోతుంది. కాగితం మీద పావుగంటలో చేయగలిగిన ఈ లెక్కలో తర్వాతి యాభై ఏళ్ల సిద్ధాంతానికి బీజం ఉంది. ఇక్కడ లోపించిన విలువలను ఒకసారి ఊహించి అక్కడితో వదిలేయలేదు. వాటి సగటు వాటాను మాత్రమే లెక్కలోకి తీసుకున్నారు, ప్రతి చుట్టులో సరిదిద్దారు.

పట్టికల విషయంలో పని అంతకుముందే మొదలైంది. కొందరి వివరాలు రెండు ప్రశ్నలకూ, కొందరివి ఒక్కదానికే దొరికిన పట్టికల అంచనాను హాకింగ్, ఆక్స్‌స్ప్రింగ్ 1970ల తొలి ఏళ్లలో పరిశీలించారు. 1974లో చెన్, ఫీన్‌బర్గ్ దానికి లాగ్‌లీనియర్ నమూనాల చట్రం తొడిగారు. 1982లో ఫుక్స్ ఇ.ఎం.ను అధిక పరిమాణ పట్టికలకూ, వాటిలో నమూనా ఎంపికకూ విస్తరించారు. కాక్, ఇమ్రీ, రైన్‌ఫర్ట్ 1972లో భారిత కనిష్ఠ వర్గాల దారి పట్టారు. లెక్క సులువుగా సాగే ఆ దారి, ప్రతి ఉపసమూహంలోనూ చాలినంతమంది ఉంటేనే నిలబడుతుంది. కంప్యూటర్లు వేగం పుంజుకున్నాక దాని వాడకం తగ్గింది.

ఖాళీ ఎందుకు వచ్చింది

1976 దాకా లోపించిన విలువలను లెక్కలో ఎదురైన అడ్డంకిగానే చూశారు. ఆ ఏడాది డొనాల్డ్ రూబిన్ బయోమెట్రికాలో వెలువరించిన పత్రం, ఖాళీ రావడాన్నే ఒక యాదృచ్ఛిక ఘటనగా చూసి దానికీ సంభావ్యత కట్టాలని ప్రతిపాదించింది. లిటిల్, రూబిన్ 1987 గ్రంథంతో మూడు పేర్లు వాడుకలో స్థిరపడ్డాయి.

ఖాళీ రావడానికి ఏ చలరాశితోనూ సంబంధం లేకపోతే అది పూర్తిగా యాదృచ్ఛికం, ఎం.సి.ఏ.ఆర్. కట్టలోంచి కొన్ని కాగితాలు ఎగిరిపోవడం లాంటిది. ఖాళీ వచ్చే అవకాశం, నమోదైన ఇతర జవాబుల మీద మాత్రమే ఆధారపడితే అది యాదృచ్ఛికం, ఎం.ఏ.ఆర్. ముసలివారు ఒక ప్రశ్నను ఎక్కువగా వదిలేస్తారు, కానీ ఒకే వయసువారిలో వదిలేసినవారికీ చెప్పినవారికీ తేడా లేదు, వయసు అందరిదీ తెలుసు — అప్పుడు ఇది వర్తిస్తుంది. ఖాళీ వచ్చే అవకాశం లోపించిన జవాబు మీదే ఆధారపడితే అది యాదృచ్ఛికం కాదు, ఎం.ఎన్.ఏ.ఆర్. మద్యం తాగేవారు తాగుతామని చెప్పక ప్రశ్న దాటవేయడం దీనికి ఉదాహరణ.

రూబిన్ ఫలితం సారాంశం ఇది. రెండో పరిస్థితి ఉండి, జవాబుల నమూనాకూ ఖాళీల నమూనాకూ ఉమ్మడి పరామితులు లేకపోతే, లైక్లీహుడ్ పద్ధతిలో ఖాళీల కారణాన్ని విడిగా నమూనాగా రాయనక్కర్లేదు. ఇది గొప్ప ఊరట. అయితే ఈ ఊరటే తర్వాత అలవాటుగా మారింది. ఎం.ఏ.ఆర్. అన్నది పరీక్షించి ఒప్పుకున్న విషయం కాదు, ఒప్పుకుని మొదలుపెట్టే షరతు. చాలా నివేదికల్లో ఆ షరతు ఒక్క వాక్యంలో కనిపించి మాయమవుతుంది.

తీసేయడం, పేరు పెట్టడం, నింపేయడం

ఎక్కువమంది వాడే పద్ధతి, ఏ ఒక్క జవాబు లేకపోయినా ఆ మనిషిని లెక్కలోంచి తీసేయడం. చాలా సాఫ్ట్‌వేర్లలో అడగకుండానే జరిగేది ఇదే. దీన్ని పాఠ్యపుస్తకాలు ఒక్క మాటలో తోసిపుచ్చుతాయి. ఆ తీర్పు వర్గీకృత దత్తాంశానికి పూర్తిగా న్యాయం చేయదు.

ఊహకు ఒక పట్టిక తీసుకోవచ్చు. ఒక వృత్తిలో ఉన్న 100 మందిలో 40 మందికి జబ్బు, 60 మందికి లేదు. ఆ వృత్తిలో లేని 100 మందిలో 20 మందికి జబ్బు, 80 మందికి లేదు. ఆడ్స్ నిష్పత్తి 40×80ని 60×20తో భాగించగా వచ్చే 2.67. జబ్బుపడ్డవారిలో సగం మంది వృత్తి వివరం దొరకలేదనుకుంటే, 40 కాస్తా 20 అవుతుంది, 20 కాస్తా 10 అవుతుంది. ఆడ్స్ నిష్పత్తి మళ్లీ 20×80ని 60×10తో భాగిస్తే అదే 2.67. మొదటి సమూహంలో జబ్బు శాతం మాత్రం 40 నుంచి 25కు పడిపోయింది. ఖాళీలు ఫలితం మీద మాత్రమే, లేదా కారణ చలరాశుల మీద మాత్రమే ఆధారపడినప్పుడు లాజిస్టిక్ రిగ్రెషన్‌లోని ఆడ్స్ నిష్పత్తులు చెక్కుచెదరవు. కేస్–కంట్రోల్ అధ్యయనాలు నిలబడేది ఈ గుణం మీదే. రెండింటి మీదా కలగలిసి ఆధారపడినప్పుడు ఆ రక్షణ పోతుంది. వివరాలు పారేసినందుకు కచ్చితత్వం తగ్గే నష్టం ఎలాగూ ఉంటుంది. కాబట్టి తీసేయడం మంచిదా చెడ్డదా అన్నది, అడుగుతున్నది శాతమా ఆడ్స్ నిష్పత్తా అన్నదాన్ని బట్టి మారుతుంది.

'జవాబు లేదు' అన్నదాన్ని మరో వర్గంగా చేర్చడం రెండో దారి. ఎవరినీ పారేయనక్కర్లేదు, పట్టిక నిండుగా కనిపిస్తుంది. కానీ గందరగోళం కలిగించే చలరాశిని సరిదిద్దడానికి దీన్ని వాడితే, ఆ కొత్త వర్గంలో నిజానికి వేర్వేరు వర్గాలవారు కలిసిపోయి ఉంటారు. వారి మధ్య సర్దుబాటు జరగదు. గ్రీన్‌లాండ్, ఫింకిల్ 1995లో, జోన్స్ 1996లో దీన్ని విడమరచి చూపించారు. ఖాళీలు పూర్తిగా యాదృచ్ఛికమైనా ఈ దారిలో అభినతి వస్తుంది. అందువల్ల కొన్ని సందర్భాల్లో ఇది తీసేయడం కన్నా చెడ్డది.

మూడోది, లోపించిన ప్రతి చోటా ఒకే వర్గాన్ని వేయడం. ఎక్కువమంది ఇచ్చిన జవాబును అందరికీ అంటగడితే ఆ వర్గం ఉబ్బిపోతుంది, చలరాశుల మధ్య సంబంధాలు పలచబడతాయి. పొగ మాన్పించే చికిత్సల పరీక్షల్లో, తర్వాతి విడతకు రానివారంతా మళ్లీ పొగ తాగుతున్నట్టే లెక్కించడం ఆనవాయితీ. ఇది జాగ్రత్తపడే ఊహలా వినిపిస్తుంది. కానీ అలా రానివారి సంఖ్య రెండు గుంపుల్లో వేర్వేరుగా ఉంటే, ఈ ఊహ చికిత్సకు లేని మేలును కూడా అంటగట్టవచ్చు. పైగా ప్రతి ఖాళీనీ తెలిసిన సత్యంగా లెక్కించడంతో ప్రామాణిక దోషం తక్కువగా కనిపిస్తుంది. హెడెకర్, మెర్మెల్‌స్టీన్, డెమిర్టాస్ 2007లో దీనికి మందు సూచించారు. రాకపోవడానికీ పొగ తాగడానికీ మధ్య సంబంధాన్ని ఒక ఆడ్స్ నిష్పత్తిగా బయటపెట్టి, దాన్ని మారుస్తూ ఫలితం ఎలా కదులుతుందో చూడాలన్నారు. రానివారంతా తాగుతున్నారనడం ఆ నిష్పత్తి అనంతమనడమే.

పలుమార్లు నింపడం

రూబిన్ 1970ల చివర ప్రతిపాదించి 1987 గ్రంథంలో పూర్తిచేసిన మల్టిపుల్ ఇంప్యుటేషన్, ఎవరినీ తీసేయకుండా ఖాళీని పూరించే పద్ధతుల్లో ఇవాళ ముందున్నది. ఖాళీని ఒకసారి కాక పలుసార్లు, సంభావ్యత ప్రకారం చీటీ తీసినట్టు నింపుతారు. పూర్తయిన ప్రతి ప్రతినీ విడిగా విశ్లేషిస్తారు. అంచనాల సగటే తుది అంచనా. దాని విస్తృతిలో ప్రతి ప్రతి లోపలి విస్తృతితో పాటు ప్రతులకూ ప్రతులకూ మధ్య తేడా కూడా చేరుతుంది. ఆ తేడాయే ఖాళీ వల్ల కలిగిన అనిశ్చితికి కొలత. మొదట మూడు నుంచి ఐదు ప్రతులు చాలన్నారు. ఇప్పుడు ఖాళీలున్న వరుసలు ఎంత శాతమో కనీసం అన్ని ప్రతులు తీయమన్న సలహా వినిపిస్తోంది.

ఏ నమూనా నుంచి చీటీ తీయాలన్న దగ్గర వర్గీకృత దత్తాంశం తన కష్టాలను బయటపెట్టింది. తొలినాళ్ల సాఫ్ట్‌వేర్ బహుచర నార్మల్ నమూనాకు అలవాటుపడింది. 0, 1 జవాబులను కూడా ఆ నమూనాతో నింపి, వచ్చిన దశాంశాలను దగ్గరి పూర్ణాంకానికి సవరించేవారు. 2003లో హోర్టన్, లిప్సిట్జ్, పార్జెన్ ఈ సవరింపే తప్పు తెస్తుందని చూపించారు. సులువుగా సరిచూడవచ్చు. నిజమైన నిష్పత్తి 20 శాతమైతే సగటు 0.2, ప్రామాణిక విచలనం 0.4. ఆ నార్మల్ వక్రంలో 0.5కు పైన పడే భాగం సుమారు 22.7 శాతం. నమూనా సగటు సరైనదే అయినా సవరింపు వల్లే దాదాపు మూడు శాతం అదనంగా వచ్చి చేరింది.

వర్గాలకు తగిన నమూనాల్లో మొదటిది షేఫర్ 1997 గ్రంథంలోని పూర్తి మల్టినోమియల్. చలరాశుల కలయికలన్నిటికీ ఒక్కో గడి ఉంటుంది. నాలుగైదు ప్రశ్నలకు ఇంతకన్నా మంచిది లేదు. కానీ ఇరవై అవును–కాదు ప్రశ్నలకు గళ్లు 10,48,576. ఎంత పెద్ద సర్వేలోనైనా వాటిలో అత్యధికం ఖాళీగా ఉంటాయి. లాగ్‌లీనియర్ నమూనాతో ఉన్నత స్థాయి పరస్పర ప్రభావాలను తీసేస్తే కొంత దూరం వెళ్లవచ్చు. అంతకన్నా ముందుకు తీసుకెళ్లింది, మనుషులను కొన్ని దాగిన తరగతులుగా భావించే నమూనా. ఒక తరగతి లోపల జవాబులన్నీ స్వతంత్రం, తరగతులు కలిస్తే సంబంధాలన్నీ వస్తాయి. వెర్మున్ట్ బృందం 2008లో దీన్ని నింపడానికి వాడింది. డన్సన్, షింగ్ 2009లో తరగతుల సంఖ్యను ముందే నిర్ణయించనక్కర్లేని బేయిసియన్ రూపం ఇచ్చారు. సి, రైటర్ 2013లో దాన్ని పెద్ద విద్యా సర్వేల ఖాళీలకు అన్వయించారు.

రెండో శాఖ ఉమ్మడి నమూనా జోలికే పోదు. వాన్ బ్యూరెన్ బృందం 'మైస్'గా, రఘునాథన్ బృందం 2001లో మరో రూపంలో ప్రచారంలోకి తెచ్చిన ఈ దారిలో ఒక్కో చలరాశినీ మిగతావాటి సాయంతో వంతులవారీగా నింపుతారు. రెండు వర్గాలుంటే లాజిస్టిక్, క్రమం లేని వర్గాలకు బహువర్గ లాజిస్టిక్, క్రమం ఉన్నవాటికి అనుపాత ఆడ్స్ నమూనా వాడతారు. వాడుకలో ఇంత సౌకర్యమైనది మరొకటి లేదు. సిద్ధాంతంలో ఒక గుచ్చుకునే ప్రశ్న మిగిలింది. విడివిడిగా రాసిన షరతు సంభావ్యతలన్నీ ఇమిడే ఉమ్మడి సంభావ్యత ఒకటి ఉందా? ఉండకపోవచ్చు. 2014లో లియు, గెల్మన్ తదితరులు కొన్ని పరిస్థితుల్లో ఇది ఫలితాన్ని చెడగొట్టదని నిరూపించారు. ఆ పరిస్థితులకు బయట సమాధానం అనుకరణ అధ్యయనాల మీదే ఆధారపడి ఉంది.

ఇక్కడ వర్గీకృత దత్తాంశానికే ప్రత్యేకమైన గోతి ఒకటుంది. ఒక వయోవర్గంలో జవాబు చెప్పినవారంతా 'కాదు' అని ఉంటే, లాజిస్టిక్ నమూనా గుణకం అనంతం వైపు పరుగెడుతుంది, దాని ప్రామాణిక దోషం కూడా అలాగే పేలిపోతుంది. అప్పుడు చీటీ తీస్తే గుణకం ఏ దిక్కుకైనా పడవచ్చు, 'కాదు' ఖాయమనుకున్న చోట సగం 'అవును'లు మొలకెత్తుతాయి. వైట్, డేనియల్, రాయ్‌స్టన్ 2010లో దీన్ని వివరించి, చిన్న బరువుతో కొన్ని కల్పిత వరుసలు చేర్చడం ద్వారా అడ్డుకట్ట వేయవచ్చని చూపించారు. సాఫ్ట్‌వేర్ హెచ్చరించకపోతే ఈ తప్పు కంటికి కనబడదు కనుక ఇది తెలిసి ఉండటం అవసరం.

శాఖల మధ్య పోలికల్లో 2017లో అకాండే, లి, రైటర్ చేసినది ముఖ్యమైనది. అమెరికన్ కమ్యూనిటీ సర్వే దత్తాంశం మీద మూడింటిని పోటీకి పెట్టారు: రిగ్రెషన్ నమూనాల వంతు పద్ధతి, వర్గీకరణ చెట్ల వంతు పద్ధతి, దాగిన తరగతుల బేయిసియన్ నమూనా. వాటి సహజ అమరికల్లో రిగ్రెషన్ పద్ధతి వెనకబడింది, మిగతా రెండిటిలో ఏదీ అన్నిచోట్లా గెలవలేదు. చలరాశుల పరస్పర ప్రభావాలను చెట్లు వాటంతటవే పట్టుకుంటాయి, రిగ్రెషన్‌లో వాటిని చేత్తో రాయాలి.

బరువుల దారి

హార్విట్జ్, థాంప్సన్ 1952లో ప్రతిచయన సర్వేలకు చెప్పిన సూత్రం ఖాళీలకూ వర్తిస్తుంది. ఒక రకం మనుషుల్లో మూడింట ఒకరే జవాబు చెప్పారనుకుంటే, ఆ ఒక్కరినీ ముగ్గురిగా లెక్కించాలి. రాబిన్స్, రోట్నిట్‌స్కీ, జావో 1990ల మధ్యలో దీనికి ఫలితం నమూనాను కూడా జోడించి, బరువుల నమూనా, ఫలితం నమూనా రెండిట్లో ఒకటి సరైనదైనా అంచనా సరిగా వచ్చే రూపం తయారుచేశారు. కాంగ్, షేఫర్ 2007లో, రెండు నమూనాలూ కొంచెం కొంచెం తప్పైనప్పుడు ఆ రెట్టింపు రక్షణ బోలుగా తేలవచ్చని హెచ్చరించారు. ఆ వివాదం ఎక్కువగా అవిచ్ఛిన్న చలరాశుల గురించి. కారణ చలరాశులన్నీ వర్గాలే అయి, అన్ని కలయికలకూ గడి ఇచ్చే నమూనా వాడి, ఫలితం ఒక్కటే లోపించినప్పుడు మాత్రం లైక్లీహుడ్, బరువులు, నింపడం మూడూ ఒకే సంఖ్య ఇస్తాయి. పద్ధతుల మధ్య తేడాగా కనిపించేది చాలావరకు, పలచని గళ్లను ఎవరు ఎలా చదును చేశారన్న తేడాయే.

స్లొవేనియా 1990

ఈ చర్చంతా ఒకే పట్టిక మీద జరిగిన సందర్భం ఉంది. స్వతంత్ర రాజ్యం కావాలా అన్న ప్రశ్న మీద 1990 డిసెంబరు 23న స్లొవేనియాలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. నిబంధన ప్రకారం ఓటర్ల జాబితాలో ఉన్నవారందరిలో సగానికి మించినవారు 'అవును' అనాలి, అంటే రాకపోవడం 'కాదు'తో సమానం. దానికి కొద్ది వారాల ముందు 2074 మందిని సర్వేలో అడిగారు. సర్వేలోని మూడు ప్రశ్నల్లో యుగోస్లావియా నుంచి విడిపోవడం గురించినదాన్ని పక్కనపెట్టి, ఓటుకు వస్తారా, స్వాతంత్ర్యానికి ఓటేస్తారా అన్న రెండు ప్రశ్నల పట్టిక ఇది.

| ఓటుకు వస్తారా | స్వాతంత్ర్యం: అవును | కాదు | తెలియదు |
|---|---|---|---|
| వస్తాను | 1439 | 78 | 159 |
| రాను | 16 | 16 | 32 |
| తెలియదు | 144 | 54 | 136 |

రెండిటికీ స్పష్టంగా చెప్పినవారు 1549. వారినే తీసుకుంటే 'వచ్చి అవునంటాం' అన్నవారు 92.9 శాతం. ఇప్పుడు హద్దులు చూడాలి. తెలియదన్నవారు ఒక్కరూ అనుకూలం కాదనుకుంటే 1439ని 2074తో భాగించి 69.4 శాతం. కాగలిగినవారంతా అనుకూలమే అనుకుంటే 1439, 159, 144, 136 కలిపి 1878, అంటే 90.5 శాతం. పూర్తి జవాబులే తీసుకున్న 92.9 ఈ గరిష్ఠ హద్దు కన్నా ఎక్కువ! తెలియదన్నవారు ఎవరు ఏమనుకున్నా ఆ 2074 మందిలో రాగలిగే సంఖ్య కాదది. కారణం పట్టికలోనే ఉంది. రానన్న 32 మంది రెండో జవాబు ఏదైనా వారు అనుకూలం కారు. కాదన్న 54 మంది వచ్చినా రాకపోయినా అనుకూలం కారు. లెక్కకు కావలసింది తెలిసిపోయిన ఈ 86 మందిని, ఒక జవాబు లేదన్న కారణంగా ఆ పద్ధతి పారేసింది.

రూబిన్, స్టెర్న్, వెహోవర్ 1995లో ఈ దత్తాంశాన్ని విశ్లేషించారు. ఎం.ఏ.ఆర్. ఊహతో రెండు ప్రశ్నల నుంచి 89.2, మూడు ప్రశ్నల నుంచి 88.3 శాతం వచ్చింది. వారు రాసిన ఎం.ఎన్.ఏ.ఆర్. నమూనా 78.2 శాతం చెప్పింది. అసలు ఫలితం 88.5 శాతం. జాగ్రత్తగా రూపొందించిన సర్వేలో తగిన చలరాశులు చేరిస్తే ఎం.ఏ.ఆర్. మంచి మొదటి అడుగని వారు తేల్చారు.

2001లో మోలెన్‌బర్గ్స్, కెన్‌వర్డ్, గెట్‌గెబ్యూర్ అదే పట్టికను మళ్లీ తెరిచారు. బేకర్, రోజెన్‌బర్గర్, డెర్‌సిమోనియన్ 1992లో ప్రతిపాదించిన తొమ్మిది నమూనాల కుటుంబాన్ని దీని మీద పరీక్షించగా అంచనాలు 74.1 నుంచి 89.2 దాకా పరుచుకున్నాయి. వాటి మధ్య తీర్పు చెప్పడానికి పట్టికకు శక్తి చాలదు. రెండు ప్రశ్నల జవాబులకు నాలుగు కలయికలు, ఖాళీల తీరుకు నాలుగు కలయికలు, మొత్తం పదహారు గళ్లకు 15 స్వతంత్ర పరామితులు. కంటికి కనిపించేవి తొమ్మిది గళ్లు, అవి చెప్పగలిగేది 8 సంగతులు. మిగిలిన ఏడింటిని ఊహ పూరించాలి. ఎంతమందిని అదనంగా అడిగినా ఈ లోటు పూడదు. ప్రతిచయనం పెరిగితే దోషం తగ్గుతుంది, అజ్ఞానం తగ్గదు. 2006లో వాన్‌స్టీలాండ్‌తో కలిసి కెన్‌వర్డ్, మోలెన్‌బర్గ్స్, గెట్‌గెబ్యూర్ ఈ రెండిటినీ వేరువేరుగా నివేదించే పద్ధతి ఇచ్చారు. ఇలాంటి హద్దులను ఆర్థికశాస్త్రం వైపు నుంచి చార్లెస్ మాన్స్కీ 1989 నుంచీ ముందుకు తెస్తూనే ఉన్నారు.

తేలని సంగతులు

ఎం.ఏ.ఆర్.ను దత్తాంశంతో పరీక్షించవచ్చా అన్న ప్రశ్నకు 2008లో దాదాపు ముగింపు పడింది. మోలెన్‌బర్గ్స్ బృందం, ప్రతి ఎం.ఎన్.ఏ.ఆర్. నమూనాకూ కనిపించే దత్తాంశానికి సరిగ్గా అంతే బాగా నప్పే ఎం.ఏ.ఆర్. జోడీ ఒకటి ఉంటుందని నిరూపించింది. నప్పడాన్ని చూసి రెండిట్లో ఒకటి ఎంచుకోవడం కుదరదు. కాబట్టి ఊహను మార్చుతూ ఫలితం కదలికను చూసే సున్నితత్వ విశ్లేషణ తప్పనిసరి అయింది. రోడరిక్ లిటిల్ అధ్యక్షతన అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ సంఘం 2010లో క్లినికల్ పరీక్షలకు ఇదే సిఫారసు చేసింది. కానీ ఊహను ఎంత దూరం మార్చాలి, ఏ హద్దు సమంజసం అన్నదాని మీద ఏకాభిప్రాయం లేదు. అన్ని హద్దులూ చూపితే స్లొవేనియాలో లాగ 21 శాతం వెడల్పు వస్తుంది. నిర్ణయం తీసుకోవాల్సినవారు అది పనికిరాదంటారు. వెడల్పు తగ్గించాలంటే ఆ రంగం తెలిసినవారి అభిప్రాయాన్ని సంఖ్యగా మార్చాలి, దానికి ఒప్పుకున్న పద్ధతి ఇంకా లేదు.

ఎం.ఎన్.ఏ.ఆర్. నమూనాలకు లెక్కలోనే మరో ఇబ్బంది ఉంది. చిన్న పట్టికల్లో గరిష్ఠ అంచనా తరచూ హద్దు మీద పడుతుంది. జవాబు చెప్పనివారంతా ఒకే వర్గమని నమూనా తేలుస్తుంది. దాన్ని నమ్మాలా, పూర్వ సంభావ్యతతో లోపలికి లాగాలా అన్నది పాత తగవు. పార్క్, బ్రౌన్ 1994లో రెండోదాని వైపు బేయిసియన్ మార్గం చూపించారు. లాగే బలం ఎంతన్నది మళ్లీ విశ్లేషకుడి చేతిలోనే ఉంటుంది.

యంత్ర అభ్యాస పద్ధతులు వచ్చాక పోటీ కొత్త దిక్కుకు మళ్లింది. 2012 నాటి మిస్‌ఫారెస్ట్, 2018 నాటి గెయిన్ లాంటివి, దాచిపెట్టిన జవాబును ఎంతవరకు సరిగ్గా ఊహించాయన్న కొలతతో తమను తాము నిరూపించుకుంటాయి. అనుమితికి ఆ కొలత సరిపోదు. ప్రతి ఖాళీలోనూ అత్యధిక సంభావ్యత ఉన్న వర్గాన్ని వేస్తే సరైన ఊహలు ఎక్కువ వస్తాయి, అరుదైన వర్గాలు మాత్రం దత్తాంశం నుంచి మాయమవుతాయి. అరుదైన వర్గాల గురించి తెలుసుకోవడానికే చాలా సర్వేలు జరుగుతాయి కనుక ఈ నష్టాన్ని చిన్నదిగా చూడకూడదు.

అన్నిటికన్నా లోతైన ప్రశ్న 'తెలియదు' అన్న మాట అర్థం గురించి. ఇప్పటిదాకా చెప్పిన పద్ధతులన్నీ, ఖాళీ వెనక నిజమైన వర్గం ఒకటి దాగి ఉందన్న నమ్మకం మీద నడుస్తాయి. రక్తం గ్రూపుకు అది సందేహం లేని మాట. స్లొవేనియాలోనూ నప్పింది, ఎందుకంటే తెలియదన్న ప్రతి ఓటరూ డిసెంబరు 23న ఓటేసో వేయకో ఒక గడిలో పడ్డారు. ఒక విధానం మంచిదా కాదా అన్న ప్రశ్నకు తెలియదన్న మనిషిలో దాగిన అవును గానీ కాదు గానీ ఉండనక్కర్లేదు, అతనికి నిజంగానే అభిప్రాయం ఉండకపోవచ్చు. అప్పుడు 'తెలియదు' ఖాళీ కాదు, మూడో వర్గం. దాన్ని నింపడమంటే లేని అభిప్రాయాన్ని కల్పించడం. ఒకే సర్వేలో ఒకే గుర్తు కింద దాచినవారు, తేల్చుకోనివారు, ప్రశ్న అర్థం కానివారు కలిసి నమోదవుతారు. వారిని విడదీసే అవకాశం ప్రశ్నపత్రం రాసేటప్పుడే ఉంటుంది. దత్తాంశం చేతికి వచ్చాక ఏ నమూనాతోనూ ఆ పని జరగదు.